స్ట్రోక్ తర్వాత దూరాన రాలే నాడీకణాలు: థాలమస్, నైగ్రాల్లో లెక్కింపు, ప్రాజెక్టు డైరీ

మెదడులో ఒక ధమని మూసుకుపోతే, అది రక్తం అందించే ప్రాంతం గంటల్లో చచ్చిపోతుంది. రక్తప్రసారం చెక్కుచెదరని థాలమస్‌లో (ఇంద్రియ సంకేతాలను మెదడు పైపొరకు చేరవేసే లోపలి కేంద్రం), సబ్‌స్టాన్షియా నైగ్రాలో (కదలికలను నియంత్రించే మధ్యమెదడు భాగం; ఇకపై నైగ్రా) నాడీకణాలు మాత్రం ఆ తర్వాత రోజుల్లో, వారాల్లో పోతాయి. ఎలుక మెదడులో ఆ రెండో నష్టాన్ని లెక్కగట్టే పని ఇది. ఇందులో స్టెయిన్ చేయడం కన్నా కష్టమైనవి రెండు: చచ్చిన కణం నిజంగా ‘దూరపు’దేనని నిరూపించడం, కుంచించుకుపోయిన కణజాలంలో తప్పు లేకుండా లెక్కపెట్టడం. మారిన పద్ధతులన్నీ ఈ రెంటి చుట్టూనే మారాయి.

దశ 1: నమూనా ఎంపిక

మొదటి ప్రణాళికలో ఒకే నమూనా ఉంది. సిలికాన్ పూత వేసిన నైలాన్ దారాన్ని ఇంటర్నల్ కెరోటిడ్ ధమని గుండా పైకి పంపి, మిడిల్ సెరెబ్రల్ ధమని మొదలు దగ్గర 60 నిమిషాలు అడ్డుపెట్టడం. కార్టెక్స్ (మెదడు పైపొర), స్ట్రయాటమ్ (దాని కింద లోతులో ఉండే భాగం) రెండూ దెబ్బతింటాయి కాబట్టి థాలమస్, నైగ్రా రెండింటినీ ఒకే జంతువులో చూడొచ్చన్నది లెక్క.

అది థాలమస్‌కు పనికిరాలేదు. దారం మిడిల్ సెరెబ్రల్ ధమనిని మాత్రమే మూయదు. దారిలో ఉన్న యాంటీరియర్ కొరాయిడల్ ధమనికి, హైపోథాలమస్‌కు వెళ్లే కొమ్మలకు కూడా అడ్డం పడొచ్చు. అప్పుడు థాలమస్‌లో కొంత భాగానికి నేరుగానే రక్తం ఆగుతుంది. అలా పోయిన కణాన్ని 14వ రోజున చూసి ‘ఆలస్యంగా, దూరాన పోయిన కణం’ అని రాస్తే ప్రాజెక్టు మొత్తం తప్పు పునాది మీద నిలబడినట్టే. హైపోథాలమస్ దెబ్బతింటే ఒంటి వేడి కూడా పెరుగుతుంది, ఆ వేడి నష్టాన్ని ఇంకా పెంచుతుంది.

అందుకని పనిని రెండు చేతులుగా, అంటే రెండు వేరు ప్రయోగాలుగా, విడగొట్టాం.

1. థాలమస్ చేయి: పుర్రెకు చిన్న కిటికీ తెరిచి, మిడిల్ సెరెబ్రల్ ధమనిని స్ట్రయాటమ్ కొమ్మలు విడిపోయిన తర్వాతి చోట కాల్చి మూయడం, కామన్ కెరోటిడ్‌ను తాత్కాలికంగా బిగించడం. గాయం కార్టెక్స్‌కే పరిమితం.
2. నైగ్రా చేయి: దారం పద్ధతి, 60 నిమిషాలు. స్ట్రయాటమ్ తప్పనిసరిగా దెబ్బతినాలి. కార్టెక్స్ ఒక్కటే పోతే నైగ్రాలో వెతకడానికి సాధారణంగా ఏమీ ఉండదు.

ఈ విభజనకు జీవశాస్త్రపరమైన కారణం కూడా ఉంది. రెండు చోట్లా కణాలు పోయే దారి ఒకటి కాదు. థాలమస్ కణాల ఆక్సాన్లు (కణం నుంచి సాగే పొడవైన తీగలు) కార్టెక్స్‌లో ముగుస్తాయి. కార్టెక్స్ చచ్చినప్పుడు ఆక్సాన్ కొసలు తెగి, దెబ్బ వెనక్కి కణదేహం దాకా పాకుతుంది. నైగ్రాలోని రెటిక్యులేటా అనే భాగానికి స్ట్రయాటమ్ నుంచి గాబా అనే నిరోధక సంకేతం వస్తుంది. ఆ కళ్లెం ఊడిపోతే సబ్‌థాలమిక్ న్యూక్లియస్ నుంచి వచ్చే గ్లూటమేట్ అనే ఉత్తేజక సంకేతానికి అడ్డు ఉండదు, కణాలు అతిగా ఉత్తేజితమై పోతాయి. స్ట్రయాటమ్‌ను దెబ్బతీసిన ఎలుకల్లో గాబా పనిని అనుకరించే మందు ఇస్తే నైగ్రా కణాల చావును ఆపవచ్చని సాజీ, రైస్ 1987లో సైన్స్ పత్రికలో చూపించారు. రెండింటినీ కలిపి ‘దూరపు నష్టం’ అని ఒకే పట్టికలో వేస్తే ఏ మందు ఎక్కడ పనిచేసిందో తెలియదు.

ఇంకో రెండు గందరగోళాలను ఇక్కడే తీర్చేసుకోవడం మంచిది. ఫాన్ మొనాకో 1914లో వివరించిన డయాస్కిసిస్ అంటే దూరప్రాంతం పనితీరు తగ్గడం. అక్కడ కణాలు చావనక్కర్లేదు. 1982లో కిరినో జెర్బిల్ హిప్పోక్యాంపస్‌లో వర్ణించిన ఆలస్యపు చావు, మెదడు ముందుభాగానికంతా కొద్ది నిమిషాలు రక్తం ఆగాక వచ్చేది. అది ఆలస్యమే కానీ దూరపుది కాదు. ఆ కణాలకు రక్తం నేరుగానే ఆగింది.

రోజుల ఎంపిక: థాలమస్‌కు 1, 7, 14, 28. నైగ్రాకు 1, 4, 7, 14. నైగ్రాలో మార్పు ముందే మొదలవుతుంది, ఎంఆర్‌ఐలో కూడా ఎలుకకు 4వ రోజు చుట్టూ సంకేతం కనిపిస్తుంది. థాలమస్ చేతికి మొదట 3వ రోజు ఉండేది, తీసేశాం. ఆనాటికి మైక్రోగ్లియా (మెదడులోని రక్షణ కణాలు) కదలిక మొదలై ఉండొచ్చు గానీ కణాల లెక్కలో తేడా దొరకదు. పైగా వాపు వల్ల మెదడు మధ్యగీత పక్కకు జరిగి కుడిఎడమల పోలిక చెడుతుంది.

జంతువులను మిగుల్చుకోవడానికి 1వ రోజు గుంపును తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. థాలమస్‌లో ఆ రోజు చావు ఏమీ లేదని చూపించేది అదొక్కటే. ఎంఆర్‌ఐ అందుబాటులో ఉంటే ప్రతి జంతువుకూ 24 గంటలకు డిఫ్యూజన్ స్కాన్ (రక్తం ఆగిన కణజాలాన్ని వెలిగించి చూపేది) తీసి, థాలమస్ చేతిలో థాలమస్, నైగ్రా చేతిలో నైగ్రా వెలిగితే ఆ జంతువును పక్కన పెట్టాలి. ఈ నియమాన్ని మొదటి స్లైడు చూడకముందే రాసిపెట్టాలి.

*ఇప్పటివరకు మొత్తం: ఒక్కో రోజుకు స్ట్రోక్ 8, షామ్ (ధమని మూయకుండా ఆపరేషన్ మాత్రమే చేసినవి) 5. ఒక్కో చేతికి 4 × 13 = 52. రెండు చేతులు కలిపి 104 జంతువులు. జంతు నైతిక కమిటీ అనుమతి పత్రంలో ఈ సంఖ్యలే ఉండాలి. మినహాయింపుల కోసం అదనం ముందే అడగాలి.*

దశ 2: పెర్ఫ్యూజన్ (రక్తనాళాల గుండా ద్రవం పంపి మెదడును స్థిరపరచడం), కోత

1. లోతైన మత్తులో గుండె ద్వారా సెలైన్, కాలేయం పాలిపోయేదాకా.
2. 0.1 మోలార్ ఫాస్ఫేట్ బఫర్‌లో 4 శాతం పారాఫార్మాల్డిహైడ్, పీహెచ్ 7.4. పని అంతా ఫ్యూమ్ హుడ్‌లో.
3. మెదడు తీసి అదే ద్రవంలో ఒక రాత్రి, 4 డిగ్రీల దగ్గర.
4. 30 శాతం సుక్రోజ్‌లో, మునిగేదాకా. తేలుతున్న మెదడును గడ్డకట్టిస్తే మంచు పలుకులు కణజాలాన్ని చిల్లులు చేస్తాయి.
5. 40 మైక్రాన్ల సెక్షన్లు, వరసగా 6 గిన్నెల్లోకి. ఒకటో సెక్షన్ ఒకటో గిన్నెలో, ఏడోది మళ్లీ ఒకటో గిన్నెలో.
6. నిల్వకు ఫాస్ఫేట్ బఫర్‌లో 30 శాతం గ్లిసరాల్, 30 శాతం ఇథిలీన్ గ్లైకాల్, మైనస్ 20 డిగ్రీలు.

ఈ దశలో బాగా దెబ్బతీసినవి మూడు.

సెలైన్ చాలకపోవడం. ఎర్రరక్తకణాలు మిగిలితే అవి ఆకుపచ్చ వెలుగులో మెరుస్తాయి. ఫ్లోరో-జేడ్ (క్షీణిస్తున్న నాడీకణాలను వెలిగించే రంగు, దశ 3) చూస్తున్నప్పుడు అలవాటు లేని కంటికి అవి చచ్చిన కణాల్లా కనిపిస్తాయి. కాలేయం రంగును నమ్మాలి, గడియారాన్ని కాదు.

కుడిఎడమలు తారుమారు కావడం. ద్రవంలో తేలే సెక్షన్ స్లైడు మీద బోర్లా పడిందో లేదో 28వ రోజు మెదడులో గాయం చూసి చెప్పొచ్చు, షామ్‌లో మాత్రం చెప్పలేం. అందుకని కోతకు ముందే గాయం లేని వైపు కింది భాగంలో, థాలమస్‌కు, నైగ్రాకు దూరంగా, సన్నని సూదితో ముందునుంచి వెనక్కి ఒక రంధ్రం చేయడం అలవాటు చేశాం. ప్రతి సెక్షన్‌లోనూ ఆ చుక్క ఉంటుంది.

కోత వాలు. మెదడును దిమ్మె మీద కొంచెం వంకరగా అతికిస్తే ఎడమ థాలమస్ ఒక మట్టంలో, కుడిది ఇంకో మట్టంలో తెగుతుంది. 28 రోజులకు గాయం వైపు జఠరిక (మెదడులో ద్రవం నిండిన గది) పెద్దదై, కణజాలం లోపలికి లాక్కుపోయి ఉంటుంది కాబట్టి వాలు ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. నిజమైన వాలుకూ, కుంచింపు వల్ల వచ్చిన వాలుకూ తేడా తెలియాలంటే గాయానికి దూరంగా ఉన్న గుర్తులు చూడాలి: యాంటీరియర్ కమిషర్ రెండు వైపులా ఒకే సెక్షన్‌లో మొదలవుతోందా, ఫోర్నిక్స్ స్తంభాలు రెండూ ఒకే పరిమాణంలో ఉన్నాయా? లేకపోతే దిమ్మెను సరిచేసి కొనసాగాలి.

థాలమస్‌లో మేం లెక్కించే వెంట్రల్ పోస్టీరియర్ న్యూక్లియస్ కోసం బ్రెగ్మాకు (పుర్రె ఎముకలు కలిసే, కొలతలు మొదలయ్యే బిందువు) వెనక సుమారు 2 నుంచి 4.2 మి.మీ. దాకా సేకరిస్తే 2.2 మి.మీ., అంటే 55 సెక్షన్లు. నైగ్రాకు సుమారు 4.6 నుంచి 6.4 దాకా 1.8 మి.మీ., 45 సెక్షన్లు.

*ఇప్పటివరకు మొత్తం: థాలమస్ 52 × 55 = 2,860; నైగ్రా 52 × 45 = 2,340; కలిపి 5,200 సెక్షన్లు. ఒక్కో గిన్నెలో మెదడుకు థాలమస్ 9 లేదా 10, నైగ్రా 7 లేదా 8.*

గిన్నెల కేటాయింపు: 1 నిస్సల్ (కణదేహాలకు పట్టే రంగు), 2 న్యూఎన్ (నాడీకణాల ప్రోటీన్), 3 ఫ్లోరో-జేడ్ సి, 4 ఐబా1తో సీడీ68 (మైక్రోగ్లియా గుర్తులు), 5 జీఎఫ్ఏపీ (ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాల గుర్తు), 6 నిల్వ. ఆరోదాన్ని ముట్టుకోవద్దు. ఏదో ఒక స్టెయిన్ తప్పకుండా మళ్లీ చేయాల్సి వస్తుంది.

దశ 3: ఫ్లోరో-జేడ్ సి

క్షీణిస్తున్న నాడీకణాన్ని పట్టిచ్చే రంగు ఇది. నిలిచిన పద్ధతి:

1. జెలటిన్ పూత స్లైడు మీద సెక్షన్లు పరిచి 50 డిగ్రీల దగ్గర కనీసం 30 నిమిషాలు ఆరబెట్టాలి.
2. 80 శాతం ఇథనాల్‌లో 1 శాతం సోడియం హైడ్రాక్సైడ్, 5 నిమిషాలు. (5 శాతం ద్రావణం 20 మి.లీ., శుద్ధ ఇథనాల్ 80 మి.లీ.)
3. 70 శాతం ఇథనాల్ 2 నిమిషాలు, నీరు 2 నిమిషాలు.
4. 0.06 శాతం పొటాషియం పర్మాంగనేట్ 10 నిమిషాలు, మెల్లగా కుదుపుతూ. నీటిలో కడగాలి.
5. 0.1 శాతం ఎసిటిక్ ఆమ్లంలో 0.0001 శాతం రంగు, 10 నిమిషాలు, చీకట్లో. (0.01 శాతం స్టాక్ 1 మి.లీ., ఆమ్లం 99 మి.లీ.)
6. నీటిలో మూడుసార్లు, ఒక్కో నిమిషం.
7. 50 డిగ్రీల దగ్గర పూర్తిగా ఆరేదాకా. తర్వాత జైలీన్ 1 నిమిషం, డీపీఎక్స్‌తో కవర్‌స్లిప్.

చెడే చోట్లు ఇవి. రెండో మెట్టులో సెక్షన్లు ఊడి తేలిపోతే లోపం క్షారంలో లేదు, ఒకటో మెట్టులో తడి మిగిలింది. నేపథ్యం అంతా పచ్చగా ఉంటే పర్మాంగనేట్ పాతబడింది లేదా తక్కువసేపు ఉంది. దాన్ని ఏ రోజుకారోజు కలపాలి. కణాలే మసకగా ఉంటే పర్మాంగనేట్ ఎక్కువైంది. ఈ రెండు దిశల మధ్య ఉన్న సందు ఇరుకు. ఒక జాడీలో ఎక్కువసేపు, ఇంకోదాంట్లో తక్కువసేపు ఉంచిన స్లైడులను పోల్చి లాభం లేదు. గ్లిసరాల్ ఉన్న, నీటి ఆధారిత మౌంటింగ్ ద్రవాలు వాడకూడదు, వెలుగు ఆరిపోతుంది. ఆరకముందే జైలీన్‌లో ముంచితే పాలలాంటి మబ్బు పడుతుంది.

ప్రతి జాడీలోనూ 24 గంటల ఇన్‌ఫార్క్ట్ (రక్తం ఆగి చచ్చిన ప్రాంతం) ఉన్న ఒక స్లైడు ఉండాలి. అది వెలగకపోతే ఆ జాడీలోని ‘నెగెటివ్’ ఫలితాలకు అర్థం లేదు. థాలమస్ విషయంలో ఇది మరీ ముఖ్యం. 1వ రోజు థాలమస్ ఖాళీగా ఉండాలన్నదే మన వాదన కాబట్టి, ఆ ఖాళీ స్టెయిన్ లోపం కాదని అదే స్లైడులో కార్టెక్స్ వెలిగి చూపాలి. మా వరసలో అలాగే వచ్చింది: 1వ రోజు కార్టెక్స్ నిండా వెలుగు, థాలమస్ చీకటి; 7వ రోజుకు థాలమస్‌లో కణాలు, 14వ రోజుకు ఇంకా ఎక్కువ.

14, 28 రోజుల స్లైడుల్లో ఒక జాగ్రత్త. ఆలస్యపు దశలో ఈ రంగును కొన్ని గ్లియా కణాలు (నాడీకణాలు కాని సహాయక కణాలు) కూడా పట్టుకుంటాయి. ఎలుక థాలమస్‌లో కాలక్రమంలో కాల్షియం నిల్వలు కూడా ఏర్పడతాయి. అందుకని లెక్కింపు నియమాన్ని బిగించాం: కణదేహం అంచు స్పష్టంగా ఉండాలి, కనీసం ఒక కొమ్మ మొదలు కనిపించాలి. గుండ్రని ముద్దలు, ముక్కలు లెక్కలోకి రావు. అనుమానం ఉంటే పక్క గిన్నె సెక్షన్‌ను కాల్షియాన్ని చూపే అలిజారిన్ రెడ్‌తో చూడాలి.

*ఇప్పటివరకు మొత్తం: మెదడుకు 2 స్లైడులు, 104 మెదళ్లకు 208. జాడీకి 10 చొప్పున 21 విడతలు. పని ద్రావణం 2.1 లీటర్లు, స్టాక్ 21 మి.లీ., అంటే పొడి రంగు 2.1 మి.గ్రా. కంట్రోల్ స్లైడుకు జాడీలో చోటు వేరుగా ఉండాలి.*

దశ 4: యాంటీబాడీలు

న్యూఎన్‌కు ఎలుకలోనూ వాడే పేరున్న యాంటీబాడీ ఏ60. అది (ప్రైమరీ) చిట్టెలుక నుంచి వచ్చింది, కాబట్టి దాన్ని పట్టుకుని చూపించే రెండో యాంటీబాడీ (సెకండరీ) చిట్టెలుక ఐజీజీని, అంటే చిట్టెలుక యాంటీబాడీ ప్రోటీన్‌ను, వెతికేది కావాలి. ఇక్కడే ఇన్‌ఫార్క్ట్ అంచు, దాని చుట్టూ రక్తనాళాలు అకారణంగా మండిపోయాయి. కారణం సులువే. చిట్టెలుక ఐజీజీకి, ఎలుక ఐజీజీకి దగ్గర పోలిక ఉంది. స్ట్రోక్ తర్వాత రక్తం-మెదడు మధ్య గోడ కారి, ఎలుక సొంత ఐజీజీ కణజాలంలోకి ఊరింది, సెకండరీ దాన్నే పట్టుకుంది. ఎలుక సీరంతో శుద్ధిచేసిన సెకండరీకి మారితే పోయింది. ప్రైమరీ లేకుండా సెకండరీ మాత్రమే వేసిన ఒక సెక్షన్ స్ట్రోక్ మెదడు నుంచే ఉండాలి. షామ్‌లో గోడ కారదు, లోపం బయటపడదు.

రెండో చిక్కు లోతు. 40 మైక్రాన్ల సెక్షన్‌లో ఒక రాత్రి ఉంచిన యాంటీబాడీ పై కింది పొరలనే తడిపి, నడుమ ఖాళీ వదిలింది. మైక్రోస్కోప్ ఫోకస్‌ను పైనుంచి కిందికి తిప్పుతూ ఏ లోతులో ఎన్ని కణాలు ఉన్నాయో గీత గీస్తే నడుమ గుంత కనబడుతుంది. 0.3 శాతం ట్రైటాన్‌తో, 4 డిగ్రీల దగ్గర 48 గంటలకు పెంచాక గుంత పూడింది. ఈ గీత గీయకుండా మూడు కొలతల్లో లెక్కింపు మొదలుపెట్టొద్దు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట: న్యూఎన్ కనిపించకపోవడం, కణం చచ్చిపోవడం ఒకటి కావు. దెబ్బతిన్న కణం బతికే ఉండి ఆ ప్రోటీన్ తగ్గించుకోవచ్చు. అందుకే ఒకటో గిన్నె నిస్సల్. న్యూఎన్ తగ్గి నిస్సల్ లెక్క నిలబడితే అది రంగు నష్టం. రెండూ తగ్గితేనే కణ నష్టం. ఎలుక వెంట్రల్ పోస్టీరియర్‌లో స్థానిక గాబా కణాలు దాదాపు ఉండవు, ఉన్నవన్నీ కార్టెక్స్‌కు ఆక్సాన్ పంపేవే. ఆ న్యూక్లియస్‌ను ఎంచుకోవడానికి ఇదొక పెద్ద కారణం, ఎవరిని లెక్కపెడుతున్నామో స్పష్టంగా తెలుస్తుంది.

జీఎఫ్ఏపీ, ఐబా1 గురించి చెప్పాల్సింది తక్కువ. ఐబా1ని విస్తీర్ణ శాతంగా మాత్రమే ఇస్తే కణాలు పెరిగాయో, ఉన్నవే ఉబ్బాయో తేలదు. కణాల సంఖ్య కూడా ఇవ్వాలి.

దశ 5: లెక్కింపు

మొదట వాడింది సాంద్రత: చదరపు మిల్లీమీటరుకు ఎన్ని కణాలు. ఇది వదిలేయడానికి కారణం ఒక చిన్న లెక్కలో ఉంది. ఉదాహరణకు న్యూక్లియస్‌లో సగం కణాలు పోయాయనుకుందాం, న్యూక్లియస్ పరిమాణం కూడా 30 శాతం తగ్గిందనుకుందాం. సాంద్రత 0.5 ÷ 0.7, అంటే 71 శాతం. నిజంగా పోయింది 50 శాతం, పట్టికలో కనిపించేది 29. కుంచింపు ఎంత ఎక్కువైతే నష్టం అంత దాగుతుంది. 28వ రోజున ‘కోలుకున్నట్టు’ కనిపించే ప్రమాదం కూడా ఇదే.

పలుచని సెక్షన్లలో కణాలు లెక్కపెట్టి సవరణ గుణకం వేయడమూ చాలదు. అబర్‌క్రాంబీ సవరణలో సెక్షన్ మందాన్ని, మందానికి కణం ఎత్తు కలిపిన మొత్తంతో భాగిస్తాం. మందం 20 మైక్రాన్లు, ఆరోగ్యకరమైన కణం ఎత్తు 15 అయితే గుణకం 0.57. అదే కణం ముడుచుకుని 10 అయితే 0.67. రెండు వైపులకూ ఒకే గుణకం వాడితే కణం ముడుచుకోవడమే కణం పోవడంగా లెక్కలోకి వస్తుంది.

అందుకని ఆప్టికల్ ఫ్రాక్షనేటర్‌కు (సెక్షన్ మందం లోపల చిన్న నమూనాలు లెక్కించి మొత్తాన్ని అంచనా వేసే పద్ధతికి) మారాం. మెట్లు:

1. తక్కువ లెన్స్‌లో న్యూక్లియస్ హద్దు గీయాలి. హద్దు నిస్సల్ సెక్షన్ చూసి తేల్చాలి, న్యూఎన్ చూసి కాదు. కణాలు పోయిన చోట న్యూఎన్ హద్దు లోపలికి జరుగుతుంది.
2. 200 × 200 మైక్రాన్ల గడులు, ఒక్కో గడిలో 50 × 50 లెక్కింపు చట్రం.
3. ప్రతి చోటా సెక్షన్ మందం కొలవాలి. 40 దగ్గర కోసినది ఆల్కహాల్, జైలీన్ దాటాక సగం కన్నా తక్కువకు రావచ్చు.
4. పైన 3 మైక్రాన్లు వదిలి, తర్వాతి 10 మైక్రాన్లలో ఫోకస్‌లోకి వచ్చిన కణాలే లెక్క.
5. ఎడమ, కింది గీతలను తాకినవి వదిలేయాలి. కుడి, పై గీతలను తాకినవి లెక్కించాలి.

గుణకం: సెక్షన్లకు 6, వైశాల్యానికి 40,000 ÷ 2,500 = 16, మందం 16 మైక్రాన్లయితే లోతుకు 16 ÷ 10 = 1.6. మూడూ కలిపి 153.6. చట్రాల్లో 200 కణాలు దొరికితే న్యూక్లియస్ మొత్తం అంచనా 30,720. పరిమాణానికి కవలియేరి పద్ధతి: సెక్షన్ల వైశాల్యాల మొత్తాన్ని 0.24 మి.మీ.తో గుణించడం. సంఖ్య, పరిమాణం రెండూ పట్టికలో పక్కపక్కన ఉండాలి. గుండర్సన్ దోష గుణకం (అంచనాలోని అనిశ్చితి కొలత) 0.10 దాటితే ఆ మెదడులో గడుల దూరం తగ్గించి మళ్లీ.

ఫ్లోరో-జేడ్, ఐబా1 చిత్రాలకు ఫీజీ అనే చిత్ర విశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో ఆటోమేటిక్ థ్రెషోల్డ్ (వెలుగు హద్దు) పెడితే ఇంకో తేడా. ఓట్సు పద్ధతి ప్రతి చిత్రాన్నీ వెలుగు, చీకటి అని రెండుగా చీలుస్తుంది. ఏమీ లేని షామ్ చిత్రంలోనూ ‘వెలుగు’ వెతికి తెస్తుంది. దాంతో షామ్ పెరిగి, స్ట్రోక్ తగ్గినట్టవుతుంది. అదే విడత షామ్ స్లైడుల నుంచి ఒక స్థిరమైన హద్దు తీసి, విడతలోని అన్ని చిత్రాలకూ అదే వాడాలి. ఎక్స్‌పోజర్‌ను ఆ విడతలో అతి ప్రకాశవంతమైన స్లైడు మీద, పిక్సెళ్లు నిండిపోకుండా పెట్టుకుని మళ్లీ కదపకూడదు.

దశ 6: కళ్లకు గంతలు, పోలిక

స్లైడు పేరు దాచినంత మాత్రాన లెక్కించే మనిషికి గుంపు తెలియకుండా పోదు. ఫోకస్‌లో కార్టెక్స్‌లోని గుంత కనబడుతుంది. ఒకరు తక్కువ లెన్స్‌లో హద్దులు గీసి, థాలమస్ మాత్రమే కత్తిరించిన చిత్రాల దొంతరను కోడ్ పెట్టి ఇంకొకరికి ఇవ్వాలి. సగం చిత్రాలను అద్దంలోలా తిప్పి ఇస్తే ఏ వైపో కూడా తెలియదు. పట్టిక తాళం వేశాకే కోడ్ విప్పాలి.

రెండో వైపుతో నిష్పత్తి మాత్రమే ఇవ్వొద్దు. గాయం లేని అర్ధగోళం కూడా స్ట్రోక్ తర్వాత మారుతుంది, షామ్ జంతువే నిజమైన పోలిక. నిష్పత్తి కావాలంటే రెండు వైపుల అసలు సంఖ్యలూ పక్కనే వేయాలి. గణాంకాల్లో ప్రమాణం జంతువు, సెక్షన్ కాదు. 8 జంతువుల నుంచి 72 సెక్షన్లు వచ్చినా సంఖ్య 8 మాత్రమే.

ఇన్‌ఫార్క్ట్ పరిమాణాన్ని ప్రతి జంతువుకూ కొలిచి థాలమస్ లెక్క పక్కన పెట్టాలి, ఎక్కడ పడిందో కూడా రాయాలి. వెంట్రల్ పోస్టీరియర్ ఆక్సాన్లు వెళ్లేది శరీర స్పర్శ కార్టెక్స్‌కు. గాయం పెద్దదైనా ఆ ప్రాంతాన్ని తప్పించుకుంటే ఈ న్యూక్లియస్‌లో నష్టం తక్కువే ఉంటుంది. పరిమాణం ఒక్కటే చూసిన గ్రాఫ్‌లో అలాంటి జంతువు గీతకు దూరంగా పడి, తీసేయాలనిపిస్తుంది. తీసేయకుండా, స్పర్శ కార్టెక్స్‌లో పోయిన భాగం శాతంతో గ్రాఫ్ మళ్లీ గీయాలి.

*ఇప్పటివరకు మొత్తం: 1 నుంచి 5 గిన్నెలు వాడకంలో, 5 × 208 = 1,040 స్లైడులు. కణాలను మూడు కొలతల్లో లెక్కించేది 1, 2 గిన్నెల్లోనే, 416 స్లైడులు. 6వ గిన్నె మైనస్ 20 డిగ్రీల దగ్గర, తెరవలేదు.*

తర్వాతి విడతకు మారేవి: 28వ రోజు గుంపుకు ఆక్సాన్ల కోసం న్యూరోఫిలమెంట్ స్టెయిన్ ఆరో గిన్నెలో సగం సెక్షన్ల మీద, నైగ్రా చేతిలో డోపమిన్ కణాలను విడిగా గుర్తించడానికి టైరోసిన్ హైడ్రాక్సిలేజ్, ఎందుకంటే మొదట పోయేది రెటిక్యులేటా గాబా కణాలు, న్యూఎన్ ఒక్కటే వాటిని డోపమిన్ కణాలుండే కాంపాక్టా భాగం నుంచి వేరుచేయదు, దారం పద్ధతిలో ఆపరేషన్ తర్వాత మొదటి గంటల్లో కూడా ఒంటి వేడి నమోదు, 37 నుంచి అర డిగ్రీ అటూ ఇటూ దాటితే ఆ జంతువు పేరు పక్కన గుర్తు.